పట్టేవాడు, కొట్టేవాడు

ఉలి ఒక్కటే, మనుషులు ఇద్దరు. ఒకడు పట్టాలి, ఒకడు కొట్టాలి. సన్నపనికి ఈ తంటా అక్కర్లేదు. ఒక గోటి ఉలీ, అరచేతిలో ఇమిడే చిన్న సుత్తీ ఉంటే ఎవడి బొమ్మ వాడే చెక్కుకోవచ్చు. కానీ జానెడు మందం చేవ కర్ర మీద బొమ్మ ఎత్తుగా లేవాలంటే ముందు దాని చుట్టూ ఉన్న కర్రంతా తవ్వి పారెయ్యాలి. దానికి మూరెడు పొడుగు ఉలి కావాలి. ఒకడు పలక మీద మోకాళ్ళు వేసుకుని కూర్చుని దాన్ని రెండు చేతులా బిగించి పడతాడు. రెండోవాడు ఎదురుగా నిలబడి, ఎత్తుకోవడానికే బరువనిపించే కొయ్యసుత్తిని తల వెనక నుంచి తెచ్చి ఉలి పిడి మీద దించుతాడు. పట్టేవాడి మణికట్టుకీ సుత్తి పడే చోటుకీ మధ్య బెత్తెడు ఎడం కూడా ఉండదు.

ఇందులో నియమం ఒక్కటే. కొట్టేవాడు పిడిని చూడాలి, పట్టేవాడు మొనను చూడాలి. పట్టేవాడు చచ్చినా పైకి చూడకూడదు. కన్ను లేస్తే చెయ్యి లేస్తుంది, చెయ్యి లేస్తే ఉలి వాలుతుంది, ఆ తర్వాత సుత్తి ఎక్కడ పడుతుందో చెప్పడానికి జోస్యం తెలిసుండక్కర్లేదు. ఆ చెక్కుడు పని షెడ్డులో బొటనవేలి గోరు ఊడని పనివాడు లేడు.

పట్టడంలో ఉడుంని మించినవాడు లేడు. అది తల్లి పెట్టిన పేరు కాదు, అతని పట్టు చూసి షెడ్డువాళ్ళు తగిలించిన పేరు. పిడుగు పడ్డా ఉలి కదలనివ్వడని అనేవారు. పిడుగు పడుతూనే ఉండేది కూడా, ఎందుకంటే ఎదురుగా నిలబడి కొట్టే సొంత అన్నకి వాళ్ళు పెట్టిన పేరు అదే. పొద్దున షెడ్డు తలుపు తీసింది మొదలు ఉడుమూ పిడుగూ ఒక ఉలికి చెరోవైపునా ఉండేవారు. మాటామంతీ ఉండేది కాదు. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఇద్దరూ ఒక్కసారే ఊపిరి పీల్చేవారు.

వీళ్ళ తండ్రి కూడా చెక్కుడు పనివాడే. లారీ మీంచి దించుతుంటే తాడు తెగి, మొద్దు దొర్లుకొచ్చి ఆయన్ని గోడకేసి అదిమేసింది. ఎముకలు విరిగిన చప్పుడు వీధిలోకి వినిపించిందని చూసినవాళ్ళు చెప్పేవారు. అప్పటికి పిడుగుకి మూతి మీద మీసం కూడా సరిగ్గా రాలేదు. ఇంట్లో ఏడుపులు ఆగకముందే తండ్రి సుత్తి భుజాన వేసుకుని షెడ్డుకి పోయాడు. ఎదురుగా ఉలి పట్టడానికి మనిషి కావాలన్నారు. తమ్ముణ్ణి బళ్ళోంచి చెవి పట్టుకుని లాక్కొచ్చి పలక మీద కూలేశాడు.

నేర్పడం మొదలైంది. కన్ను లేపితే దెబ్బ. చెంపదెబ్బ అనుకునేరు! రంపం వెనక భాగంతో వీపు మీద, ఉలి పిడితో వేళ్ళ కణుపుల మీద, చేతికి ఏదీ అందకపోతే కాలితో డొక్కలో. ఒకరోజు జుట్టు పట్టుకుని వాడి మొహాన్ని పలక మీదకి వంచేసరికి ముక్కు చితికి రక్తం ఉలి గాట్లోకి కారింది. "ఇక్కడ చూడు. ఇక్కడే చూడు. పైన ఏముందిరా? నాన్నున్నాడా?" అని అరిచాడు పిడుగు. చుట్టూ ఉన్న పెద్ద పనివాళ్ళు కొందరు నవ్వారు, కొందరు తల తిప్పుకున్నారు. అడ్డం వచ్చిన మగాడు మాత్రం ఒక్కడూ లేడు. పని నేర్పుతున్నాడుగా మరి!

ఇంటికొచ్చాక తల్లి తడిగుడ్డతో ముక్కు తుడిచేది. "వాడి చెయ్యి దురుసురా కన్నా, మనసు వెన్న" అనేది. ఆ వెన్న ఏ మూల ఉందో వెతికి చూసే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేకపోయింది. భుజం ఎముక విరిగినప్పుడు మెట్ల మీంచి పడ్డాడని చెప్పారు. చెవిలోంచి చీము కారినప్పుడు నీళ్ళు పోయాయని చెప్పారు. పిడుగు మట్టుకు కోపం చల్లారాక వచ్చి పక్కన కూర్చుని, తమ్ముడి తల నిమిరి, "చెయ్యి జారిందిరా" అనేవాడు. ఆ నిమరడం కోసం ఉడుం ముందు జరిగిందంతా మర్చిపోయేవాడు. పిచ్చి మాలోకం!

మర్చిపోవడానికి ఇంకో కారణమూ ఉంది. ఒకసారి వేరే షెడ్డు నుంచి వచ్చిన మొరటు మనిషొకడు ఉడుంని అమ్మతో కలిపి తిట్టి, మెడ మీద ఒక్కటిచ్చాడు. పిడుగు చేతిలో ఉన్న బాడిస కింద పడేశాడు, అదొక్కటే ఆ మనిషి చేసుకున్న పుణ్యం. ఒట్టి చేతులతోనే వాణ్ణి కర్రల గుట్ట మీదకి విసిరి, మీదెక్కి కూర్చుని, మొహం ఉబ్బిపోయేదాకా గుద్దాడు. చివరికి వాడి చెవి తమ్మె కొరికి ఉమ్మేశాడు. రంపపు పొట్టులో ఎంత వెతికినా ఆ ముక్క దొరకలేదు. "మా వాణ్ణి నేను కొడతా. నువ్వెవడివిరా?" అన్నాడు, నోటి చుట్టూ రక్తంతో. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఉడుంకి ఛాతీ పొంగేది. తన కోసం చెవి కొరికే అన్న ఎంతమందికి ఉంటాడు?

ఇక పనిలో పిడుగు గురి గురించి చెప్పుకోవాలి. జ్వరంతో ఒళ్ళు కాలుతున్నా, తాగి కళ్ళు ఎర్రబడ్డా, ఇంట్లో గొడవపడి వచ్చినా, సుత్తి ఉలి పిడి మధ్యలోనే పడేది. అన్నేళ్ళలో ఒక్క దెబ్బ పక్కకి పోలేదు. ఉడుం పిల్లాడి నుంచి మీసాలవాడయ్యాడు, మీసాల్లో ఒకటి రెండు తెల్లవెంట్రుకలు కూడా వచ్చాయి. పెళ్ళి చేసుకోలేదు, అన్న ఇంట్లోనే ముందుగదిలో పడుకునేవాడు. చెయ్యి ఆ సుత్తి కింద పెట్టినప్పుడు మాత్రం ప్రపంచంలో ఎక్కడా లేనంత భద్రంగా ఉన్నానని అనుకునేవాడు. ఇంట్లో కొట్టే చేతులూ అవే అన్న సంగతి అతనికి ఎందుకో తట్టేది కాదు.

వదినకి తట్టింది. పిడుగు భార్య మాట తక్కువ మనిషి. పై పెదవి మీద కుట్ల గుర్తు ఉండేది, ముందుపన్ను లేదు, నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకునేది. నవ్వొచ్చే సందర్భాలు ఆ ఇంట్లో పెద్దగా ఉండేవి కావు గనక చేతికి శ్రమ లేదు.

ఇలా ఉండగా షెడ్డుకి ఒక పెద్ద తలుపు పని వచ్చింది. తలుపు నిండా వేట. అడవిపంది మధ్యలో వెల్లకిలా పడి ఉండాలి, కుక్కలు దాని మీద పడి చీలుస్తుండాలి, ఒక కుక్క పొట్ట పంది కోరకి చిక్కి తెగిపోయి ఉండాలి. ఎవరి సరదా వాళ్ళది! అన్నదమ్ములు ముందు బొమ్మల చుట్టూ కర్ర తీసేసే పని, గుల్ల తవ్వడం మొదలుపెట్టారు. మొహాలు చెక్కడం ఎప్పుడూ పిడుగు వంతే. తండ్రి తర్వాత ఆ హక్కు తనదని అతను ఎవరినీ అడక్కుండానే తీసుకున్నాడు.

ఒక మధ్యాహ్నం అన్నాల వేళ ఉడుం ఊరికే కూర్చోలేక, పనికిరాని ముక్క ఒకటి తీసుకుని గోటి ఉలితో కుక్క తల చెక్కాడు. అదేం నేర్చుకుని చెక్కింది కాదు. అన్న మొహాలు చెక్కుతుంటే పక్కన కూర్చుని ఉలులు అందిస్తూ చూసిందే. పై పెదవి ముడత పడి, పళ్ళు బయటపడి, చెవులు వెనక్కి పోయి, కరిచేది ఆ కుక్కో కరిపించుకునేది ఆ కుక్కో తెలియని మొహం. షెడ్డు యజమాని దాన్ని చేతిలోకి తీసుకుని, తిప్పి తిప్పి చూసి, "ఎవడు చెక్కింది?" అని అడిగాడు. ఉడుం తప్పు చేసినవాడిలా తల దించుకున్నాడు.

"తలుపు మీద మొహాలన్నీ తమ్ముడే చెక్కుతాడు. నువ్వు గుల్ల కానిచ్చెయ్ చాలు" అన్నాడు యజమాని పిడుగుతో.

పిడుగు పెద్దగా నవ్వాడు. తమ్ముడి భుజం మీద చరిచి, "మా వాడు కాదూ!" అన్నాడు. ఉడుంకి నేల మీద కాళ్ళు నిలవలేదు. అన్న మెచ్చుకున్నాడు! ఆ సంతోషంలోనే పోయి పలక మీద కూర్చుని ఉలి పట్టాడు. పంది పొట్ట దగ్గర గుల్ల తవ్వాలి. నాలుగు దెబ్బలు పడ్డాయి. చెక్క పెళ్ళ లేచి చుట్టుకుంటోంది. షెడ్డు గుమ్మం దగ్గర నుంచి యజమాని ఏదో గుర్తొచ్చి "ఉడుమూ!" అని కేకేశాడు. అప్పుడే సుత్తి దిగింది, కుడి మణికట్టు మీద.

పచ్చి కొమ్మ విరిచినట్టు చప్పుడైంది. ఎముక చర్మం చీల్చుకుని తెల్లగా బయటికొచ్చింది. పంది పొట్ట దగ్గర తవ్విన గుల్లలో రక్తం నిండి, అంచు దాటి నేల మీదకి కారింది. ఉడుం ముందు అరవలేదు. ఉలి ఇంకా ఎడంచేత్తో పట్టుకునే ఉన్నాడు, దాన్ని వదిలించడానికి వేళ్ళు ఒక్కొక్కటీ విప్పాల్సొచ్చింది. ఆ తర్వాత అరిచాడు. ఆ అరుపుకి రంపాలన్నీ ఆగిపోయాయి.

పిడుగు తమ్ముణ్ణి భుజాన వేసుకుని ఆసుపత్రికి వీధుల వెంట పరిగెత్తాడు. ఏడుస్తూ, తిడుతూ పరిగెత్తాడు. దారివ్వని ఆటోవాణ్ణి బయటికి లాగి మొహం మీద గుద్ది, ఆ ఆటోలోనే తమ్ముణ్ణి పడుకోబెట్టాడు. చూసినవాళ్ళంతా కళ్ళు తుడుచుకున్నారు. అన్నంటే అలా ఉండాలన్నారు.

డాక్టర్లు ఎముక ముక్కల్ని ఏరి, మేకులతో బిగించి, కుట్లు వేశారు. చెయ్యి ఊడలేదు. బొటనవేలు మాత్రం లోపలికి మడత పడటం మానేసింది. నాలుగు వేళ్ళూ కొక్కెంలా వంగుతాయి, బరువు లాగగలవు. గోటి ఉలిని పెన్నులా పట్టి కుక్క పెదవి మీద ముడత తీసే పని ఆ చేతికి ఇక లేదు.

"పైకి చూశావురా. సుత్తి దిగుతుంటే పైకి చూశావు. ఏం చేస్తాను, చెయ్యి జారిపోయింది" అన్నాడు పిడుగు మంచం పక్కన కూర్చుని, తల నిమురుతూ.

తల్లి కూడా అదే పాట పాడింది. "మీ యజమాని పిలిచాడటగా. నువ్వే తల ఎత్తుంటావు. పాపం వాడు అన్నం ముట్టుకోవట్లేదు, నువ్వే ఒక మాట చెప్పు."

దెబ్బ తిన్నవాడు కొట్టినవాణ్ణి ఓదార్చాలి, ఆ ఇంటి లెక్క అది. ఉడుం ఓదార్చాడు కూడా. కానీ కట్టు కింద చెయ్యి సలుపుతుంటే మంచం మీద పడి ఉన్న మనిషికి ఆలోచించడం తప్ప పనేముంది? తను తల ఎత్తితే అన్న చెయ్యి జారనక్కర్లేదు. అన్న చెయ్యి జారితే తను తల ఎత్తనక్కర్లేదు. ఒక దెబ్బకి రెండు కారణాలు ఎందుకు కావాల్సొచ్చాయి? కళ్ళు మూసుకుని చివరిసారి ఏం చూశాడో గుర్తు చేసుకునేవాడు. చుట్టుకుంటున్న చెక్క పెళ్ళ కనబడేది. యజమాని కేక వినిపించేది. తల ఎత్తాడా, ఎత్తలేదా? ఒకసారి ఎత్తలేదని ప్రమాణం చెయ్యగలననిపించేది, మరోసారి ఎత్తే ఉంటానని భయం వేసేది. అన్న కావాలని కొట్టాడని అనుకోవడం కన్నా తనదే తప్పని అనుకోవడం తేలిగ్గా ఉండేది. అలా అనుకున్నప్పుడు తన మీద తనకే అసహ్యం వేసేది.

ఒకరోజు వదిన గిన్నెలో వేణ్ణీళ్ళు తెచ్చి పుండు కడుగుతోంది. ఇంట్లో ఇంకెవరూ లేరు.

"వదినా, అన్నయ్య చెయ్యి నిజంగా జారిందంటావా?" అని అడిగేశాడు.

ఆమె గుడ్డ పిండి గిన్నె అంచున వేసింది. "నాకు తెలీదు. నేనక్కడ లేను" అంది. తర్వాత తన పెదవి మీద మచ్చని వేలితో చూపించింది. "ఇది కొట్టినప్పుడు ఆయన నిలబడలేనంత తాగున్నాడు. ముందుపన్ను రాలగొడతానన్నాడు. ఒక్కటే రాలింది, చెప్పిందే రాలింది. నా మటుకు నాకు ఆయన చెయ్యి జారడం ఎప్పుడూ తెలీదు."

ఉడుం మంచం మీద లేచి కూర్చున్నాడు. "కావాలనే కొట్టుంటే రెండు చేతులూ నుజ్జు చేస్తా. నీ మీద ఒట్టు" అన్నాడు.

"నా మీద వద్దు. నా మీద చాలానే పడ్డాయి" అంది ఆమె, గిన్నె తీసుకుని లేస్తూ.

ఈలోగా షెడ్డులో తమాషా జరుగుతోంది. పాపం పిడుగు, చెయ్యి జారింది, ఎవరికైనా జరగొచ్చు అని నోరున్న ప్రతివాడూ అన్నాడు. కానీ అతని ఎదురుగా కూర్చుని ఉలి పట్టమంటే ఒక్కడూ రాలేదు. ఒకడికి నడుం నొప్పి, ఒకడికి కళ్ళు మసకలు, ఒకడికి ఆ పూటే చుట్టాలొచ్చారు. వేట తలుపు పంది పొట్ట దగ్గరే ఆగిపోయి, రక్తం మరక నల్లబడి, గోడకి చేరబడింది. యజమాని అందరినీ అమ్మనా బూతులు తిట్టాడు. ఎవరూ చలించలేదు. తిట్లకి మణికట్లు విరగవు.

కట్టు విప్పాక ఉడుం షెడ్డుకి వచ్చాడు. సరాసరి పోయి కొయ్యసుత్తి అందుకున్నాడు. ఎడంచేత్తో పిడి బిగించి, కుడిచేతి కొక్కెం వేళ్ళు కింద తగిలించి, పైకెత్తి చూశాడు. లేచింది.

"నేను కొడతా. అన్నయ్య పడతాడు" అన్నాడు.

పిడుగు మొహంలో నవ్వు వచ్చి సగంలో ఆగింది. "నాకు పట్టడం అలవాటు లేదురా" అన్నాడు.

"నాకూ ఉండేది కాదు, నువ్వేగా నేర్పావు. కూర్చో."

కూర్చోకపోతే ఎందుకు కూర్చోలేదని అడిగేవాళ్ళు చుట్టూ నిలబడి ఉన్నారు. వేట తలుపుని గోడ దగ్గర నుంచి తెచ్చి నేల మీద పరిచారు, పిడుగు ఆ పలక మీద మోకాళ్ళు వేశాడు. మూరెడు ఉలి రెండు చేతులా పట్టి, నల్లబడ్డ మరక మీద మొన ఆనించాడు. ఉడుం ఎదురుగా నిలబడ్డాడు. మొట్టమొదటిసారి అన్న నడినెత్తి కనిపించింది, అక్కడ జుట్టు పలచబడింది. ఆ చేతులూ కనిపించాయి. లావాటి మణికట్లు, నరాలు ఉబ్బి, వెంట్రుకలతో. సుత్తి ఎత్తాడు.

పిడుగు పైకి చూశాడు.

ఉలి వాలింది. ఉడుం సుత్తిని ఆఖరి క్షణంలో పక్కకి లాగితే అది పలకని తాకి, షెడ్డు రేకులు దడదడలాడాయి. "మొన చూడన్నయ్యా" అన్నాడు. అలవాటు లేకే చూశాడని అనుకున్నాడు. అలా అనుకోవాలని అతనికి ఎంత ఆశగా ఉందో! మళ్ళీ ఎత్తాడు. పిడుగు మళ్ళీ చూశాడు. ఈసారి ఉడుం ఆ కళ్ళ వెంట పోయాడు. కొత్తగా పట్టేవాడు భయపడితే సుత్తిని చూస్తాడు. పిడుగు సుత్తిని చూడటం లేదు. తమ్ముడి మొహం చూస్తున్నాడు. ఈ దెబ్బ ఎక్కడ వెయ్యబోతున్నాడని ఆ మొహంలో వెతుకుతున్నాడు. కొట్టే చెయ్యి తనంతట జారదనీ, దెబ్బ ఎక్కడ పడాలో కొట్టేవాడి మొహంలోనే ముందు తేలుతుందనీ తెలిసినవాడు మాత్రమే అలా వెతుకుతాడు.

ఉడుంకి తెలిసిపోయింది.

కొట్టాడు. పిడి నడిమధ్యన కొట్టాడు. మొన పందిపొట్టలోకి దిగింది. పిడుగు పట్టు తప్పి ఉలి పక్కకి పోతే అక్కడికి వెళ్ళి కొట్టాడు. ఇటు వాలితే ఇటు వచ్చి కొట్టాడు. పెళ్ళలు లేచి ఇద్దరి మొహాలకీ తగిలాయి, పిడుగు చెంప తెగి రక్తం కారింది. కుడి మణికట్టులో మేకులు నిప్పుల్లా మండుతున్నా ఆగలేదు. పంది పోయింది. కుక్కల కాళ్ళు పోయాయి. "ఆపండ్రా, తలుపు!" అని యజమాని అరుస్తున్నాడు. ఒక్కొక్క దెబ్బకీ పిడుగు మొహం ముడుచుకుపోతోంది, కళ్ళు మాత్రం తమ్ముడి మొహం వదలడం లేదు. ఒక్క దెబ్బా వేలిని తాకలేదు. తాకి ఉంటే అతనికి అంత భయం ఉండేది కాదేమో. పలక నిలువునా చీలింది, ఉలి ఆ చీలికలో ఇరుక్కుంది, సుత్తి మళ్ళీ పైకి లేచింది.

"కావాలనే కొట్టాన్రా!" అని పిడుగు గొంతు చించుకుని అరిచాడు. ఉలి వదిలేసి రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు. "కావాలనే కొట్టా. చాలా? ఆ కుక్క తల చూశాక నాకిక నిద్ర పట్టదని తెలిసి కొట్టా. నాన్న తర్వాత నేను. నా తర్వాత కూడా నేనే అనుకున్నా. నువ్వేంట్రా మధ్యలో?"

చేతులు నుజ్జు చేస్తానని ఒట్టేసిన మనిషి, సుత్తి తల మీద ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. కింద అన్న, చేతులు చంకల్లో, నెత్తి వంచుకుని, చిన్నపిల్లాడిలా. ఒక్క దెబ్బ చాలు. ఎవడూ అడ్డం రాడు, ఆ షెడ్డులో ఎప్పుడూ ఎవడూ అడ్డం రాలేదు. అన్ని దెబ్బలూ ఒక్కసారి ఒంటి మీదకి తిరిగొచ్చాయి, ముక్కూ, భుజం, చెవీ, మణికట్టూ. చంపేద్దామనిపించింది. నిజంగా అనిపించింది.

సుత్తిని చీలిన పలక మీద పడేశాడు. మోకాళ్ళ మీద కూలబడి, చచ్చిన బొటనవేలున్న చేత్తో అన్న చొక్కా పట్టుకుని, ఏడుస్తూ గుంజాడు.

"ఒక్క మాట చెప్పలేకపోయావా అన్నయ్యా? చెక్కొద్దురా అని ఒక్క మాట చెప్పుంటే మానేసేవాణ్ణిగా."

నిజంగానే మానేసేవాడు. అది పిడుగుకీ తెలుసు.